నాలుగు తీగల లెక్క

ప్రధానోపాధ్యాయిని గది, మొదటి అంతస్తు
జూన్ 16

గంట యంత్రం తయారీదారు గారికి,

విషయం: యంత్రంలోని లోపాలు సరిచేయుట గురించి.

పదకొండేళ్ళ క్రితం మీరు మా పాఠశాలకు తయారుచేసి ఇచ్చిన ఆటోమేటిక్ గంట గురించి ఈ లేఖ. ఈ విద్యాసంవత్సరం నుంచి మా పీరియడ్లు నలభై నిమిషాల నుంచి నలభై అయిదుకు మారాయి. కమిటీ తీర్మానించింది. నేను సర్క్యులర్ పంపాను. ఉపాధ్యాయులందరూ చదివి సంతకాలు పెట్టారు. మీ యంత్రం పెట్టలేదు. అది పాత లెక్కే కొడుతోంది. కొత్త లెక్కన అటెండర్ చేత్తో ఇంకో గంట కొడుతున్నాడు. రెండింటిలో తమకు ఏది లాభమైతే అదే అసలు గంట అని పిల్లలు తీర్పు చెప్పుకున్నారు. నిన్న ఆరో తరగతి భోజనానికి రెండుసార్లు వెళ్ళింది. లెక్కల పీరియడుకి ఒక్కసారీ రాలేదు.

ఇది మొదటి అంశం.

రెండో అంశం: రోజూ పదకొండూ అయిదుకి, ఏ పీరియడూ మొదలవని, ఏదీ ముగియని సమయంలో, యంత్రం అర సెకను పాటు ఒక చిన్న మోత మోగిస్తోంది. మొదటి రోజు నుంచీ ఉన్న లోపమే. పదకొండేళ్ళుగా సరిగ్గా ఆ సమయానికి నా పని చెడగొడుతోంది.

కమిటీ కార్యదర్శి గారు ఒక కంపెనీ వారి రంగుల పుస్తకం చంకలో పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ కంపెనీ గంట మోగదట, ఆడగొంతుతో "ప్రియమైన విద్యార్థులారా" అంటుందట. సెప్టెంబరు 20న సమావేశం. ఆలోగా మీ యంత్రం కొత్త టైంటేబుల్ నేర్చుకోకపోతే దాన్ని గోడ మీంచి దింపి ఆ ప్రియమైన దాన్ని తగిలిస్తారు.

కనుక తగిన సూచనలు రాతపూర్వకంగా పంపగలరు. ఫోను వద్దు. ఫోనుకి ఇన్‌వర్డ్ నంబరు వెయ్యలేం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని

(మీ అన్నయ్య బాగున్నారు. ఈ వాక్యం ఫైలుకు చెందదు.)


ఎలక్ట్రానిక్స్ విభాగం, కిటికీ పక్క బల్ల
జూన్ 24

ప్రధానోపాధ్యాయిని గారికి,

పైన "వదినా" అని రాసి కొట్టేశాను. కనబడుతూనే ఉంటుంది. వేరే కాగితం తీసుకుందామనుకున్నాను గానీ, కొత్త కాగితం మీద కూడా చెయ్యి అదే రాస్తుందేమోనని అనుమానం వచ్చింది.

మీ చేతిరాత చూసి మూడేళ్ళయింది. లేదు, తప్పు. మూడు నెలలకోసారి వచ్చే పార్సిళ్ళ మీద చిరునామా చూస్తూనే ఉన్నాను. దిండు గలీబులు, తువ్వాళ్ళు, ఆ నీలం స్వెట్టరు. లోపల ఎప్పుడూ చీటీ ఉండదు. అయినా పార్సిల్ వచ్చిందంటే మన మధ్య అంతా బాగానే ఉన్నట్టు కదా, బహుశా, అనుకుంటూ వచ్చాను.

సరే, యంత్రం. దాని తప్పేమీ లేదు. అందులో ఉన్నది ఒక చిన్న చిప్పు. పదకొండేళ్ళ క్రితం నేను ఇచ్చిన జాబితా తప్ప దానికి ఇంకేం తెలియదు. సర్క్యులర్లు చదవలేదు. దానికి కొత్త జాబితా ఎక్కించడానికి ఒక పెట్టె కావాలి, ప్రోగ్రామర్ అంటాం. అరచేతి వెడల్పు, నలుపు రంగు. అప్పుడే మీకు ఇచ్చి వెళ్ళాను, బహుశా లైబ్రరీ బీరువాలో ఉండాలి. చిప్పు పీకి పోస్టులో పంపమని అడుగుదామనుకున్నాను గానీ, అలాంటి పెట్టె ఇప్పుడు నా దగ్గరే లేదు. ప్రపంచంలో ఆ చిప్పుతో మాట్లాడగలిగేది మీ బీరువాలో ఉన్న ఆ పెట్టె ఒక్కటే అనుకుంటాను.

చిక్కేమిటంటే ఆ పెట్టె వెనక తొమ్మిది కన్నాల సీరియల్ ప్లగ్గు ఉంటుంది. పాత కంప్యూటర్లకి దానికి సరిపోయే తొమ్మిది సూదులు ఉండేవి. ఇప్పటివాటికి లేవు, యూఎస్‌బీ కన్నాలే. అందుకని ఈ పార్సిల్లో ఒక మధ్యవర్తి డబ్బా పంపుతున్నాను. ఒకవైపు తొమ్మిది సూదులు, రెండోవైపు యూఎస్‌బీ. దానికి పెట్టాల్సిన కేబుల్ కూడా నా సొరుగులోంచి, కొత్తగా కనబడుతున్నది ఏరి పెట్టాను.

కేబుల్లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటు మోస్తాయి, అంటే అన్నం పెట్టేవి. రెండు మాటలు మోస్తాయి. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగితే కలిసినట్టే, బహుశా. తర్వాత చిప్పుని పెట్టెలో పెట్టి, ఇదే పార్సిల్లో పెట్టిన సీడీలోని ప్రోగ్రాం తెరిస్తే, చిప్పులో ఉన్న జాబితా తెర మీద కనబడుతుంది. కాలాలు దిద్ది తిరిగి ఎక్కించడమే. వివరంగా నాలుగు పేజీలు జతచేశాను.

రెండో అంశం గురించి, మొదటిది తేలాక చూద్దాం.

మీ
(ఏమని రాయాలో తోచలేదు)


ప్రధానోపాధ్యాయిని గది
జులై 5

తయారీదారు గారికి,

మీ నాలుగు పేజీలను సవరణలతో తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరా నాది. "బహుశా" తొమ్మిది సార్లు, "అనుకుంటాను" ఆరు, "ఏమో" నాలుగు. పదో సూచనలో "కుడివైపు తిప్పాలి, లేదా ఎడమవైపు" అని ఉంది. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు ఎవరికి వెయ్యాలి, కుడికా, ఎడమకా? పదికి ఆరు వేశాను.

చేసిన పనుల నివేదిక:

పెట్టె లైబ్రరీ బీరువాలో లేదు. నా బీరువాలోనే, తాళం వేసిన అరలో, గుడ్డ చుట్టి ఉంది. నేనే పెట్టాను. చిప్పుని గుమాస్తా గారు పీకారు, నేను పక్కనే నిలబడ్డాను. చిప్పు కాళ్ళలో ఒక్కటీ వంగలేదు. చిప్పు మీది గంటు, పెట్టె మీది గంటు ఒకేవైపు ఉండేలా పెట్టాం. మధ్యవర్తి డబ్బాని పెట్టెకి, కేబుల్‌తో డబ్బాని ఆఫీసు కంప్యూటరుకి కలిపాం. ఎర్ర దీపం వెలిగింది. గుమాస్తా గారు చప్పట్లు కొట్టారు. వద్దన్నాను.

తెర మీద పోర్టు నంబరు అడిగింది. ఒకటి నొక్కాం. "సమాధానం లేదు" అంది. రెండు. సమాధానం లేదు. మూడు, నాలుగు. ముప్పై ఏళ్ళుగా తరగతి గదుల్లో ప్రశ్నలు అడుగుతున్నాను. ఇంత మొండి మౌనం చివరి బెంచీలో కూడా చూడలేదు.

ఒకేసారి రెండు గంటలు మోగే గొడవ పడలేక చిప్పుని మళ్ళీ యంత్రంలో పెట్టి, స్విచ్చి మాత్రం ఆపించాను. ప్రస్తుతం అటెండర్ గంటే గంట. ఆయన తనకి నచ్చిన మాస్టారి పీరియడు రెండు నిమిషాలు ఎక్కువా, నచ్చనివారిది రెండు నిమిషాలు తక్కువా కొడుతున్నాడని ఫిర్యాదులు వస్తున్నాయి. పైగా ఆయన ఈ మధ్య పదకొండింటికి పెట్టే టీ చల్లగా ఉంటోంది. నేను కప్పు ఎత్తేసరికి మీగడ కట్టేసి ఉంటోంది. మెమో ఇచ్చాను.

తదుపరి సూచనలు పంపగలరు.

ప్రధానోపాధ్యాయిని

(మీ అన్నయ్య ఆ నీలం స్వెట్టరు సరిపోయిందా అని అడగమన్నారు. నేను అడగడం లేదు.)


ఎలక్ట్రానిక్స్ విభాగం
జులై 14

ప్రధానోపాధ్యాయిని గారికి,

పదికి ఆరు వచ్చిన కాగితాన్ని మా హెచ్‌ఓడీ చూశారు. "ఎవరండీ ఈవిడ, మన విభాగానికి కావాలి" అన్నారు. నేను మీ గురించి చెప్పలేదు. కొంచెం చెప్పాను.

ముందు ఒక మనవి. అటెండర్ గారిని ఏమీ అనకండి. టీ ఆయన వేడిగానే తెస్తున్నారని నా నమ్మకం. నమ్మకం అనే రాశాను, బహుశా అని కాదు. కారణం అడక్కండి.

ఇక యంత్రం. ఎర్ర దీపం వెలిగింది గనక కలిసినట్టే. కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. ఎక్కడ అన్నది రాత్రంతా కాదుగానీ, మూడు క్లాసుల మధ్య ఆలోచించాను. ఒకటి, చిప్పు గంటు నిజంగా ఒకేవైపు ఉందా? (ఉందని రాశారు. మీరు రాస్తే ఉన్నట్టే. అయినా అడిగాను, అలవాటు.) రెండు, పెట్టెకి విడిగా కరెంటు ఇచ్చారా? మూడు, కంప్యూటరుకి కేబుల్ పెట్టగానే "టింగ్" అని చప్పుడు రావాలి. వచ్చిందా? నాలుగు, కంప్యూటర్లో పరికరాల జాబితా ఉంటుంది. అందులో పోర్టులు అనే వరసలో కొత్త పేరు చేరిందా?

నేనే వద్దును. కానీ పేపర్ల వాల్యుయేషన్, తర్వాత ల్యాబ్ తనిఖీ, తర్వాత ఇంకేదో ఉంది. ఉంటుంది.

స్వెట్టరు సరిపోయింది. మీరు అడగలేదు గనక అన్నయ్యకి చెప్పండి.

మీ
తయారీదారు


ప్రధానోపాధ్యాయిని గది
జులై 27

తయారీదారు గారికి,

జవాబులు:

ఒకటి. ఉంది. రెండోసారి అడిగినందుకు అరమార్కు తగ్గించాను.

రెండు. ఇచ్చాం.

మూడు. టింగ్ రాలేదు. ఆఫీసు కంప్యూటరుకి స్పీకర్లు లేవు. గుమాస్తా గారు జీతాల పట్టీ వేస్తూ పాటలు వింటున్నారని నాలుగేళ్ళ క్రితం నేనే తీయించాను. ఆ ఉత్తర్వు ఫైల్లో ఉంది. ఈ సంగతి చెప్తే ఆయన, "చూశారా మేడమ్, పాటలుంటే పనులవుతాయి" అన్నారు. 

నాలుగు. జాబితాలో పేర్లు చాలా ఉన్నాయి. ఏది కొత్తదో, ఏది పాతదో అవి మెడలో పలక వేసుకుని కూర్చోలేదు. పోర్టులు అనే వరస ఒకటి ఉండాలన్నారు. అది కనబడలేదు. దాన్ని మేం సరిగ్గా వెతకలేదని మీరు అంటారు. కనుక ముగ్గురం, నేనూ గుమాస్తా గారూ సైన్సు టీచరూ, వేరువేరుగా వెతికి సంతకాలు పెట్టాం. లేదు.

దీన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ యంత్రం మా మాట వినడం లేదు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. "మా వదిన మాట వినేవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరని, వినడానికి ఒక యంత్రం చేసిచ్చాను" అని మీరే అన్నారు. మీ అన్నయ్య రిటైరైన రోజు, భోజనాల బల్ల దగ్గర, పద్నాలుగు మంది ముందు. అందరూ నవ్వారు. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని తలుపు వెనక ఉన్నాను. ఇప్పుడు ఆ యంత్రం కూడా వినడం మానేసింది. లెక్క సరిపోయింది.

సమావేశం సెప్టెంబరు 20 అని గుర్తుచేస్తున్నాను. కార్యదర్శి గారు నిన్న ఆ ఆడగొంతు నమూనా వినిపించారు. ముక్కుతో మాట్లాడుతోంది.

ప్రధానోపాధ్యాయిని


నా గది, మంచం పక్క స్టూలు
ఆగస్టు 20

వదినా,

ఈసారి కొట్టెయ్యలేదు.

ఈ ఉత్తరం మూడు వారాలు రాశాను. మొదటిది తొమ్మిది పేజీలు వచ్చింది. చదివితే అది క్షమాపణా, సిద్ధాంత వ్యాసమా అని నాకే అనుమానమొచ్చి చింపేశాను. ఇది ఐదోది.

ఆ మాట నేనే అన్నాను. మీరు తలుపు వెనక ఉన్నారని తెలియదు. తెలిస్తే అనేదాన్ని కాదు అని రాయబోయాను. అంటే, మీరు వింటే బాధపడతారని తెలిసీ, వినరులే అన్న ధైర్యంతో అన్నానన్నమాట. రాశాక ఇంకా చెడ్డగా ఉంది. అయినా నిజం గనక ఉంచుతున్నాను. ఆరోజు అందరూ నన్ను "ఏం చేస్తున్నావమ్మా, ఇంకా పాఠాలేనా, ఏమైనా కనిపెట్టావా" అని వరసగా అడిగారు. చెప్పుకోవడానికి నాకున్నది మీ గోడ మీది గంట ఒక్కటే. దాని గురించి చెప్పబోయి, నవ్వించాలని మిమ్మల్ని అందులోకి లాగాను. నా దగ్గర సరుకు లేక మీ పరువు వాడుకున్నాను.

మీరు ఆరోజు ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి దిండు గలీబులు వచ్చాయి. హమ్మయ్య, వినలేదన్నమాట, అనుకున్నాను. మళ్ళీ తువ్వాళ్ళు. పార్సిలు వచ్చినప్పుడల్లా నిశ్చింతగా నిద్రపోయాను. లోపల ఒక్క మాటైనా ఎందుకు లేదని ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. ప్రతిదాన్నీ అనుమానించే నేను, అనుమానించాల్సిన ఒక్కదాన్ని మాత్రం వదిలేశాను.

ఇంకో సంగతి. నేను ఇన్నేళ్ళలో చేసిన వస్తువుల్లో ఇప్పటికీ పనిచేస్తున్నది ఆ గంట ఒక్కటే. మిగతావన్నీ ప్రాజెక్టు రిపోర్టుల్లో పనిచేస్తాయి. అది గోడ మీంచి దిగిపోతే, పిల్లలకి నేను చెప్పే పాఠాలకి నా తరఫున సాక్ష్యం చెప్పేది ఏదీ ఉండదు. మీరు దాన్ని పదకొండేళ్ళు నిలబెట్టారు. పెట్టెని గుడ్డ చుట్టి తాళం వేసి దాచారని చదివి చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

వాల్యుయేషన్ నిజమే. కానీ రాకపోవడానికి కారణం అది కాదు. మీ గుమ్మంలో నిలబడితే మీరు ఏమంటారో అని భయం. ఏమీ అనకుండా భోజనం వడ్డిస్తారేమోనని ఇంకా భయం.

యంత్రం సంగతి: నాకు మిగిలింది ఒకే ఊహ. కేబుల్ లోపల ఎక్కడో తీగ తెగిందేమో. పైకి కనబడదు. కొనల దగ్గర తొడుగు కత్తిరించి చూస్తే తెలుస్తుంది. ఇది కూడా తప్పయితే ఇక నాకు తెలియదు.

మీ ఆడపడుచు


ప్రధానోపాధ్యాయిని గది
సెప్టెంబరు 2

మెమో

మీ క్షమాపణ అందింది. ఇన్‌వర్డ్ నంబరు 214. పరిశీలనలో ఉంది.

కేబుల్ పాఠశాల ఆస్తి కాదు, మీ ఆస్తి. పరుల ఆస్తిని కత్తిరించడానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. పంపగలరు. వ్యవధి తక్కువ.

ప్రధానోపాధ్యాయిని

("పరువు వాడుకున్నాను" అన్న వాక్యం బాగుంది. ఎర్ర సిరా పెట్టలేదు.)


ఎలక్ట్రానిక్స్ విభాగం
సెప్టెంబరు 12

వదినా,

మీ మెమో పదిరోజులు తిరిగి ఈరోజు చేరింది. అనుమతిస్తున్నాను. కత్తిరించండి.

మీ ఆడపడుచు


ఇల్లు, వంటింటి బల్ల
సెప్టెంబరు 20, సాయంత్రం

శంకమ్మా,

ప్రతిదానికీ శంకిస్తావని పెట్టిన ఈ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో. ఇన్‌వర్డ్ నంబరు 214 మీద పరిశీలన పూర్తయింది. నిర్ణయం చివర రాస్తాను. ముందు చివరి పేజీ తిప్పి చూడకు. నీ సంగతి నాకు తెలుసు.

నీ అనుమతి నిన్న మధ్యాహ్నం అందింది. అప్పటికి సమావేశానికి మిగిలింది ఒక్క పూట. కుట్టుపని టీచరు దగ్గర కత్తెర తెప్పించి, కేబుల్‌ని నా బల్ల మీద పెట్టి, తొడుగు నేనే చీల్చాను. తీగలు లెక్కపెట్టాను. ఒకటి ఎర్రది. ఒకటి నల్లది. అంతే. తెగిన తీగ ఒక్కటీ లేదు. రెండోసారి లెక్కపెట్టాను. గుమాస్తా గారి చేత లెక్కపెట్టించాను. రెండే.

నువ్వు జూన్ 24 నాటి పాఠంలో ఏం రాశావు? నాలుగు తీగలన్నావు. రెండు అన్నం పెట్టేవి, రెండు మాటలు మోసేవి అన్నావు. ఆ మిగతా రెండూ ఎవరు తిన్నారే? మేం ముగ్గురం మూడు నెలలు చిప్పు గంటు చూసి, సీడీ మార్చి, సంతకాలు పెట్టి, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం కదా! నువ్వు పంపిన కేబుల్‌కి పుట్టుకతోనే నోరు లేదు. అది అన్నం పెట్టే కేబుల్. దీపం వెలిగించడం తప్ప దానికింకేమీ రాదు. ఎలక్ట్రానిక్స్ లెక్చరరుకి పదికి సున్నా.

ఇంకోటి తెప్పించడానికి వ్యవధి లేదు. అప్పుడు నా జప్తు సొరుగు గుర్తొచ్చింది. పాఠశాలకి తేకూడదని పిల్లల దగ్గరా, చెప్పుకోకూడదు గానీ ఇద్దరు మాస్టార్ల దగ్గరా నేను లాక్కున్నవన్నీ అందులో వేస్తాను. పాటల డబ్బాలు, ఆటల డబ్బాలు, వాటి తోకలు. బోర్లించాం. చుట్టలు పడిన కేబుళ్ళు పదమూడు. గుమాస్తా గారు వాటిలో ఒకటి పట్టుకుని, "మేడమ్, ఇది నాది, ఆ పాటల రోజులది" అన్నారు. "అవును, మీదే, ముందు పెట్టండి" అన్నాను.

ఒక్కొక్కటే పెట్టాం. కొన్నిటి మూతి సరిపోలేదు. కొన్నిటికి దీపం వెలిగింది గానీ పోర్టుల వరస రాలేదు. అప్పటికి ఆ దీపాన్ని నమ్మడం మానేశాను. ఏడోది గుమాస్తా గారిది. పెట్టగానే జాబితాలో "పోర్టులు" అన్న వరస, దాని కింద ఒక పేరు, పక్కన మూడు. ప్రోగ్రాంలో మూడు నొక్కాం. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత వరసగా, గలగలా, పదకొండేళ్ళు నోరు కట్టుకున్న మనిషిలా, అంతా చెప్పేసింది.

ఎన్నింటికి, ఎన్ని సెకన్లు. ఆ పక్కన మూడో గడి ఒకటి ఉంది, గంట పేరు. నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి గంటకీ ఇంగ్లీషు అక్షరాలతో పేరు పెట్టావు. మొదటి గంట. రెండో పీరియడు. భోజనం. ఇంటికి. చదువుకుంటూ వస్తున్నాను. పదకొండూ అయిదు. అర సెకను.

"వదిన టీ".

గుమాస్తా గారు పైకి చదివారు. సైన్సు టీచరు కిటికీలోంచి బయటికి చూసింది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. కళ్ళజోడుకేం కాలేదు.

అది లోపమని పదకొండేళ్ళు రిజిస్టర్లో రాశానే! ఆ మోత మోగగానే విసుక్కుని తలెత్తేదాన్ని. తలెత్తితే ఎదురుగా కప్పు. ఎలాగూ పని చెడింది కదా అని తాగేదాన్ని. ఈ రెండున్నర నెలలు యంత్రం ఆపితే టీ చల్లారింది. పాపం అటెండరుకి మెమో ఇచ్చాను. ఈరోజు పొద్దున్న ఆయన ఎదురుగా దాన్ని చింపాను. "ఇదే మొదటిసారి మేడమ్ మీ దగ్గర కాగితం చిరగడం" అన్నాడు.

యంత్రం బిగించిన ఆ నెలంతా నువ్వు నా గదిలో కూర్చుని తీగలు అతుకుతూ, "టీ తాగండి వదినా, చల్లారుతోంది" అని రోజూ అనేదానివి. నేను వినేదాన్ని కాదు. అందుకని యంత్రం చేత చెప్పించావన్నమాట.

సమావేశం సంగతి విను. కొత్త కాలాలు నిన్ననే ఎక్కించి చిప్పుని యంత్రంలో పెట్టాం. ఈ పొద్దున్న తొమ్మిదీ నలభై అయిదు, కొట్టింది. పదిన్నర, కొట్టింది. పదకొండింటికి కమిటీ నా గదిలో కూర్చుంది. కార్యదర్శి గారు రంగుల పుస్తకం తెరిచి, "యంత్రమన్నాక నమ్మకముండాలండీ" అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే అర సెకను మోగింది.

ఆయన వేలు ఎత్తి, "అదిగో! ఇదే కదండీ మీ రిజిస్టర్లో ఉన్న లోపం!" అన్నారు.

"లోపం కాదండీ. అది నా టీ గంట" అన్నాను. కప్పు ఎత్తి, అందరి ముందూ, నిదానంగా తాగాను. పొగలు వస్తున్నాయి.

 తర్వాత అధ్యక్షుల వారు, పెద్దాయన, "మాకూ ఒకటి పెట్టించకూడదూ, ఇంట్లో ఎవరూ అడగరు" అన్నారు. కార్యదర్శి గారు పుస్తకం తిప్పుతూ ఆడగొంతు గొప్పతనం చెప్పబోయారు. పదకొండూ పదిహేనుకి మా గంట మోగింది. పిల్లలు ఒక్క గంటకే కదిలారు. ఆయన చేతి గడియారం చూసుకున్నారు. రెండు నిమిషాలు వెనక ఉంది. ఆయనదే.

గోడ మీద నీ యంత్రమే ఉంటుంది. తీర్మానమైంది. రెండో అంశం కొట్టేయబడింది.

ఇప్పుడు నిర్ణయం.

నా మాట వినడానికి యంత్రం చేసిచ్చానని పద్నాలుగు మందికి చెప్పావు. తప్పు చెప్పావు. పదకొండేళ్ళు ఆ యంత్రం చెప్పినట్టు నేను విన్నాను, నాకు తెలియకుండా. ఆ పద్నాలుగు మందికీ ఈ సవరణ పంపాలి. అది నీ పని.

నా తప్పు కూడా ఒకటుంది. కేబుల్ చీల్చి ఆ రెండు తీగలూ చూస్తున్నప్పుడు తెలిసింది. మూడేళ్ళు నీకు గలీబులూ తువ్వాళ్ళూ పంపాను. చీటీ పెట్టలేదు. దీపం వెలుగుతోంది కదా అని నువ్వు కూర్చున్నావు, నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందో అని నేను కూర్చున్నాను. ఆ కేబుల్‌ని తిట్టడానికి నాకూ పెద్ద అర్హత లేదు.

కాలాలు దిద్దుతున్నప్పుడు జాబితా చివర ఒక గంట నేనే కొత్తగా చేర్చాను. శుక్రవారాలు, సాయంత్రం నాలుగూ పదికి, అర సెకను. పేరు గడిలో పేరు కూడా రాశాను. పదహారు అక్షరాలే పడతాయంది, సరిపోయాయి. ఏం రాశానో ఉత్తరంలో చెప్పను. పెట్టె నా బీరువాలో ఉంది, కేబుల్ గుమాస్తా గారు తీసేసుకున్నారు. తెలుసుకోవాలని ఉంటే నీ కేబుల్ నువ్వు తెచ్చుకుని చదువుకో.

మీ అన్నయ్య పక్కనుంచి, "రమ్మని ఒక్క ముక్క రాయొచ్చు కదా" అంటున్నారు. అదే కదా రాశాను!

మీ వదిన


ఎలక్ట్రానిక్స్ విభాగం
సెప్టెంబరు 27

వదినా,

చివరి పేజీ ముందే తిప్పి చూశాను. మీ సంగతి నాకు తెలుసు గనక.

ఆ కేబుల్ ఎక్కడిదో తెలిసింది. నా టేబుల్ లైటు కొన్నప్పుడు దానితో వచ్చినది. వాడకుండా ఉంది గనక కొత్తగా కనబడింది, మీకు పంపాను. మాట్లాడే కేబుల్ ఈ మూడు నెలలూ ఇక్కడ లైటుకి అన్నం పెడుతూ కూర్చుంది. దాన్ని పీకి, ల్యాబులో ఒక బోర్డుకి పెట్టి చూశాను. టింగ్ అంది. మళ్ళీ పీకి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంది. మా హెచ్‌ఓడీ లోపలికొచ్చి "ఏమైందండీ?" అన్నారు.  సెలవు కాగితం ఇచ్చాను.

పద్నాలుగు మందికి సవరణ రాశాను. పన్నెండు పంపాను. రెండు చిరునామాలు అన్నయ్య దగ్గర తీసుకోవాలి.

గురువారం రాత్రి భోజనాల వేళకి మీ ఇంట్లో ఉంటాను. శుక్రవారం నాలుగూ పదికి మీ గదిలో కూర్చుని ఆ గంట వింటాను. ఈ ఉత్తరంలో "బహుశా" ఈ ఒక్కచోటే ఉంది, అదీ కొటేషన్లో. ఎర్ర సిరా అక్కర్లేదు.

కేబుల్ నేనే తెస్తున్నాను. తీగలు నాలుగూ లెక్కపెట్టుకున్నాను.

మీ శంకమ్మ